చివరి పదహారు పేజీలు

"టేబుల్ ఊగడం ఆగిపోయింది, గమనించావా?" అన్నాడు భర్త, షూ లేసు ముడేసుకుంటూ.

ఆమె గమనించలేదు. ఒక చేతిలో చిన్నాడి పళ్ళు తోమే బ్రష్షు, ఇంకో చేతిలో పెద్దదాని జడ కొస. మూడో చెయ్యి ఉంటే టేబుల్ మీద పెట్టి చూసేదే.

"నిన్న సాయంత్రం నేనే సరిచేశాను. రెండు నిమిషాల పని. దానికి ఎనిమిది నెలల్నుంచి నా ప్రాణం తీశావు."

సోఫాలోంచి అత్తగారు అందుకున్నారు. "మావాడు చెయ్యి వెయ్యడు గానీ, వేస్తే ఇంక తిరుగుండదు."

అందరూ వెళ్ళిపోయాక, అత్తగారు ఎండకోసం బాల్కనీలోకి చేరాక, ఆమె డైనింగ్ టేబుల్ దగ్గరికొచ్చింది. రెండు అరచేతులూ ఆనించి గట్టిగా నొక్కింది. కదల్లేదు. కిటికీ వైపు మూల మీద మోచేత్తో బరువంతా వేసింది. అయినా కదల్లేదు. ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఊగని టేబుల్‌ని చూసి ఏడ్చే మనిషిని ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని వెంటనే తుడుచుకుంది.

ఎనిమిది నెలలుగా ఆమె రాసుకునేది ఇస్త్రీ బల్ల మీద. నిలబడి. టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెడితే ఒక్కో అక్షరానికీ ఒక్కోసారి కుడికీ ఎడమకీ ఒరిగేది. పడవలో కూర్చుని ఉత్తరం రాస్తున్నట్టుండేది. ఇస్త్రీ బల్ల నయం, అది ఊగదు. కానీ దాని మీద ఆమె పుస్తకం కనిపిస్తే ఇంట్లో అందరికీ నలిగిన బట్టలు గుర్తొచ్చేవి. "ఎలాగూ అక్కడే ఉన్నావుగా, ఈ చొక్కా కూడా ఒకసారి" అంటూ ఎవరో ఒకరు తెచ్చి పడేసేవాళ్ళు.

ఆమె రాసేది పుస్తకాల గురించి. బ్లాగు పేరు మడత పేజీ. తన పేరు ఎక్కడా పెట్టలేదు, కింద ఒక ఫోన్ నంబరు తప్ప. చదివేవాళ్ళు ఆమెను మడతపేజీ గారూ అనే పిలుస్తారు. ఆ పేరు ఊరికే పెట్టుకున్నది కాదు. ఆమె ఏ పుస్తకాన్నీ కూర్చుని వరసగా చదవలేదు. కూర ఉడికేలోపు మూడు పేజీలు, చిన్నాడు బాత్రూంలో కూర్చున్నంతసేపూ తలుపు బయట నిలబడి రెండు, పెద్దదాని డాన్స్ క్లాసు మెట్ల మీద ఏడు. ఎవరో ఒకరు పిలుస్తారు. పేజీ కొస మడుస్తుంది, వెళ్తుంది. ఏ పుస్తకం ముగించినా దానికి నలభై, యాభై మడతలుంటాయి. ఆ మడతలు చూస్తే చాలు, ఏ పేజీ దగ్గర ఎవరికి దాహం వేసిందో ఆమె చెప్పగలదు.

భర్త ఆమెను చదవొద్దని ఏనాడూ అనలేదు. ఆ సంగతి అతను నలుగురిలోనూ చెప్పుకుంటాడు కూడా. ఆఫీసువాళ్ళు భోజనానికొస్తే, "మా ఆవిడ ఖాళీగా ఉండలేక ఏవో పుస్తకాల గురించి రాస్తుంటుంది" అని పరిచయం చేస్తాడు. వాళ్ళు తలలూపి, ఇంకొంచెం అన్నం అడుగుతారు. ఆ ఖాళీ అనే మాట ఆమె గొంతులో చేపముల్లులా ఉండిపోయేది. ఒకసారి, అప్పటికి పెద్దది ఇంకా చంకలో ఉంది, కార్లో వెళ్తుంటే ఆమె అతనికి ఒక నవల కథ చెప్పడం మొదలుపెట్టింది. చెప్తూ చెప్తూ తనే ఉద్వేగపడిపోయింది. ఆ నవల్లో తల్లి చనిపోయే చోటికొచ్చేసరికి సిగ్నల్ పడింది. అతను బండి ఆపి, ఆమె వైపు తిరిగి, "గీజర్ ఆఫ్ చేశావా?" అన్నాడు. చేసింది. ఆ తర్వాత అతనికి కథలు చెప్పలేదు. పుస్తకం ముగిసిన ప్రతిసారీ, దాని గురించి ఎవరికో చెప్పకపోతే ఊపిరాడనట్టుండేది. ఎవరున్నారు? ఆ ఎవరూ లేకపోవడంలోంచి పుట్టిందే బ్లాగు. ఇప్పటికి ఆరేళ్ళు. రెండు వేల మంది చదువుతారు. వాళ్ళలో ఒక్కరి గొంతూ ఆమె వినలేదు.

ఆ సోమవారం ఉదయం, ఊగని టేబుల్ ముందు, ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. చదువుతున్న నవలలో కొద్ది పేజీలే మిగిలాయి. ఇల్లు విడిచి వెళ్ళాలని నిర్ణయించుకున్న ఒక గృహిణి కథ అది. రెండువందల పేజీల పాటు ఆమె వెళ్ళడానికి సిద్ధమవుతూనే ఉంటుంది. పప్పుల డబ్బాలు నింపుతుంది, చిరిగిన దిండు గలీబులు కుడుతుంది, ఏ బీరువా తాళం ఎక్కడుందో చీటీలు రాసి అంటిస్తుంది. ఎంతకీ వెళ్ళదు. చివరికి 208వ పేజీ అడుగున ఒక వాక్యం: ఆమె గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

ఎదుటి పేజీ కోసం చూసింది. అట్ట.

అంతే! అక్కడితో అయిపోయింది.

ఆ వాక్యం ఇంకోసారి చదివింది. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచింది. ఆరేళ్ళలో మొదటిసారి కూర్చుని, ఎవరూ పిలవకుండా, ఏకబిగిన రాసింది. ముగింపు దగ్గరికొచ్చేసరికి వేళ్ళు వాటంతటవే కదిలాయి: "ఆ తలుపు తెరుచుకుందో లేదో రచయిత్రి చెప్పలేదు. ఆ గొళ్ళెం తెచ్చి మన చేతికిచ్చి, తను పక్కకు తప్పుకుంది. ఇక మన ఇష్టం."

తను రాసిన వాక్యాల్లో ఇంత మంచిది ఇంకోటి లేదని ఆమెకు తెలుసు. పోస్టు చేసి, లేచి, గిన్నెలు కడిగింది.

బుధవారానికి ఆ రివ్యూ ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. ఆ గొళ్ళెం వాక్యాన్ని రంగురంగుల అక్షరాల్లో పెట్టి జనం ఒకరికొకరు పంపుకుంటున్నారు. నవల చదివినవాళ్ళు ఒకరిద్దరు మాత్రం, "మీరు ముగింపును భలే వేరుగా చూశారే!" అని రాశారు. ఆమె దాన్ని మెచ్చుకోలనుకుంది.

సరిగ్గా పెద్దదాని టిఫిన్ బాక్సు మూత పట్టకుండా ఏడిపిస్తున్న సమయంలో ఫోన్ మోగింది.

"మడతపేజీ గారేనాండీ? బ్లాగులో నంబరు చూసి చేస్తున్నాను. నాకు పుస్తకాల షాపుంది. మీ పుణ్యమా అని ఆ నవల కాపీలన్నీ రెండ్రోజుల్లో అయిపోయాయి. నాకని దాచుకున్నదీ అమ్మేశాను. నవల ఇంకా చదవలేదు గానీ మీ రివ్యూ మూడుసార్లు చదివాను." నవ్వాడాయన. "ఆదివారం పదిన్నరకు షాపులోనే చిన్న సభ. రచయిత్రిగారు వస్తున్నారు. ఆ ముగింపు గురించి మీరొక పది నిమిషాలు మాట్లాడాలి."

"నేనా?"

"మీరే. ఇంకెవరు మాట్లాడతారండీ?"

టిఫిన్ బాక్సు మూత దానంతటదే పట్టేసింది. లేక ఆమె అంత గట్టిగా నొక్కిందో. పెళ్ళయ్యాక ఆమెను ఎవరైనా ఎక్కడికైనా పిలిస్తే అది కుటుంబాన్ని పిలిచినట్టే. ఒక్క ఆమెనే, ఆమె రాసిన మాట కోసం పిలవడం ఇదే మొదలు.

సాయంత్రం భర్తకు చెప్పింది.

"ఆదివారమా? మరి పిల్లలో?"

"మీరుంటారుగా."

"నేనుంటాను. కానీ పిల్లల్నెవరు చూస్తారు?"

అతను హాస్యానికి అనలేదు. ఆమె అతని మొహం చూసి నిర్ధారించుకుంది. నిజంగానే అడుగుతున్నాడు.

గురువారం మధ్యాహ్నం ఆ మెయిల్ వచ్చింది.

పంపింది ఒక రిటైరైన ప్రూఫ్ రీడర్. ఆమె ప్రతి పోస్టూ చదివి, దొర్లిన అచ్చుతప్పుల పట్టీ గుట్టుగా పంపే పెద్దమనిషి. ఈసారి పట్టీ లేదు.

"అమ్మా, మడతపేజీ గారూ, ఈ నవలకు ప్రూఫులు దిద్దింది నేనే. పుస్తకం 224 పేజీలు. మీ రివ్యూ 208 దగ్గర ఆగిపోయింది. పదహారు పేజీలు కలిపి ఒక ఫారంగా మడిచి కుడతారు. కుట్టు ఊడితే ఫారమంతా ఒక్కసారే వచ్చేస్తుంది. మీ కాపీలో చివరి ఫారం ఉందేమో చూసుకోండి. బయట అనలేదు, మీకొక్కరికే రాస్తున్నాను."

మెయిల్ రెండోసారి చదివింది.

పుస్తకం తెచ్చి వెనక అట్ట విరిచి చూసింది. అట్టకూ 208కీ మధ్య రెండు తెల్లటి దారపు పోగులు వేలాడుతున్నాయి. ఎండిన జిగురు పెచ్చు ఒకటి. అంటే ఆ పేజీలు ఉండేవి. ఈ ఇంట్లోనే ఊడాయి. ఈ ఇంట్లోనే ఎక్కడో ఉన్నాయి. వేలమంది పంచుకున్న ఆ వాక్యం ఒక ఊడిపోయిన కుట్టు మీద నిలబడి ఉంది. ఆదివారం పదిన్నరకు రచయిత్రి ఎదురుగా నిలబడి, ఆవిడ రాయని ముగింపును ఆవిడకే మెచ్చుకుంటూ వివరించబోతోంది తను! ఆరేళ్ళుగా ఆమెకంటూ ఉన్నది ఒక్కటే: మడతపేజీ గారు చదవకుండా రాయరన్న మాట. అది పోతే మిగిలేది ఇస్త్రీ బల్ల.

ఇల్లంతా గాలించింది. మంచాల కింద, దిండ్ల కింద, పెద్దదాని స్కూలు బ్యాగులో, పాత పేపర్ల కట్టలో. లేవు. ఇక మిగిలిన అనుమానితుడు ఒక్కడే. వయసు నాలుగేళ్ళు. పాత నేరం ఒకటి ఉంది. పోయినేడు ఒక కవితల పుస్తకాన్ని ముక్కలు చేసి స్నానాల తొట్లో తేలేశాడు.

"అమ్మ పుస్తకంలో కాగితాలు తీశావా?"

"లేదు."

"నిజం చెప్పు. చింపేశావా? ఎక్కడ పడేశావు?"

"నేను కాదమ్మా."

"అబద్ధమాడావంటే ఊరుకోను!" ఆ గొంతు తనదేనా అనిపించింది. చిన్నాడి రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తోంది. వాడు ఒక్క క్షణం ఆమె కళ్ళల్లోకి చూసి, ఏది చెప్తే ఇది ఆగుతుందో లెక్కేసుకున్నవాడిలా, "నేనే" అన్నాడు. "సారీ."

"ఎక్కడున్నాయి మరి?"

వాడు లోపలికి పరిగెత్తాడు. తిరిగొచ్చి, తన బొమ్మల పుస్తకంలోంచి చింపిన కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. దాని మీద ఆకుపచ్చ ఏనుగు సగమే ఉంది. "ఇది తీసుకో" అన్నాడు.

శుక్రవారం ఇల్లు తుడిచే రోజు. తడిగుడ్డ పట్టుకుని టేబుల్ కిందికి వంగింది. పనిమనిషిని పెట్టుకుందామంటే, "ఇంట్లో మనిషుండగా పనిమనిషెందుకు?" అని రెండేళ్ళ క్రితమే తేల్చేశారు అత్తగారు. కిటికీ వైపు కాలి దగ్గర గుడ్డ దేనికో తగులుకుంది. లాగింది. రాలేదు. తల వంచి చూసింది.

తెల్లగా, మందంగా, నాలుగు మడతలేసిన కాగితాల కట్ట.

టేబుల్ మూలను భుజంతో పైకెత్తి దాన్ని బయటికి లాగింది. పైన టేబుల్ ఒరిగింది. మంచినీళ్ళ గ్లాసు ఒకటి జారుకుంటూ వచ్చి ఆమె పక్కనే పడి పగిలింది. పట్టించుకోలేదు. మడతలు విప్పింది. 209. 210. 211. మధ్యలో టేబుల్ కాలి గుండ్రటి ముద్ర, మురికి నలుపు, ఎనిమిది కాగితాల్లోనూ దిగబడి ఉంది.

తడినేల మీద అలాగే కూలబడింది. సోమవారం నుంచీ జరిగిందంతా సినిమా రీలులా వెనక్కి తిరిగింది. ఏ టేబుల్ మీద కూర్చుని ఆ వాక్యం రాసిందో, ఆ టేబుల్ ఊగకుండా నిలబెట్టింది ఈ పేజీలే. రాస్తున్నంతసేపూ అవి ఆమె కాలి బొటనవేలికి జానెడు దూరంలో ఉన్నాయి.

"ఏం పగిలిందమ్మాయ్?" బాల్కనీలోంచి అత్తగారు.

"గ్లాసు అత్తయ్యా."

"చూసుకుని చెయ్యొచ్చుగా."

చిన్నాడు స్కూలు నుంచి రాగానే గుమ్మం దగ్గరే కూర్చుని వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. "నువ్వు చింపలేదు కదా?" అంది. వాడు జాగ్రత్తగా ఆమె మొహంలోకి చూశాడు, ఈసారి ఏ జవాబు కావాలో తెలియక. "నువ్వు చింపలేదురా. అమ్మదే తప్పు" అంది. వాడికి నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం భర్త రాగానే కాగితాలు చూపించింది.

"ఓ, ఇవా!" అన్నాడు తేలిగ్గా. "ఆదివారం టేబుల్ మీద విడిగా పడున్నాయి. పనికిరావనుకున్నా."

"ఎవరికి?"

"ఎవరికేంటి? ఊడిపోయిన కాగితాలు. నువ్వే కదా టేబుల్ సరిచెయ్యి, టేబుల్ సరిచెయ్యి అని... చేస్తే ఇదొకటి!" ఆమె జరిగిందంతా చెప్పాక నవ్వేశాడు. "దీనికింత రాద్ధాంతమా? ఆ పోస్టు తీసెయ్. నువ్వేమన్నా కోర్టు తీర్పు రాశావా?"

"ఆదివారం మాట్లాడాలి."

"వెళ్ళకు. ఒంట్లో బాలేదని చెప్పు. నాకూ ఆదివారం ఇబ్బంది తప్పుతుంది."

ఆ రెండు సలహాలూ ఆమెకు ముందే తట్టినవే. అందుకే వాటి జోలికి పోకూడదని ఆ క్షణంలో అనిపించింది.

శనివారం పొద్దున షాపాయనకు ఫోన్ చేసింది. దాచకుండా చెప్పింది. "అరెరే" అన్నాడాయన. "రచయిత్రిగారితో మాట్లాడి చెప్తానండి." ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు.

అప్పుడు ఊగుతున్న టేబుల్ ముందే కూర్చుని, అక్షరానికొక పక్కకు ఒరుగుతూనే, రాసింది:

"సోమవారం నేను రాసింది 208 పేజీల గురించి మాత్రమే. ఈ నవల 224 పేజీలు. నా కాపీలో ఊడిపోయిన పదహారు పేజీలు మా ఇంటి డైనింగ్ టేబుల్ కాలికింద దొరికాయి. టేబుల్ ఊగకుండా అక్కడ పెట్టారు. పెట్టింది పిల్లలు కాదు. తెలియక ఆ టేబుల్ మీదే కూర్చుని, ముగింపు అద్భుతమని రాశాను. అది రచయిత్రి ముగింపు కాదు, మా ఇంటి ముగింపు. ఆ పేజీలు నేనింకా చదవలేదు. చదివాక నా తప్పును చిన్నది చేసి చూపించే తెలివి వస్తుందేమోనని భయపడి, ముందే చెప్తున్నాను. క్షమించండి."

పోస్టు చేసి, భోజనానికి కూర వండింది.

భర్త ఫోన్ చూసుకుంటూ డైనింగ్ హాల్లోకి వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది. "మా ఆఫీసువాడెవడో పంపాడు. ఏంటిది? టేబుల్ కాలు, అదీ ఇదీ... నేనేదో రాక్షసుణ్ణైనట్టు!"

ఆమెకు మొదట అర్థమైంది వేరే సంగతి. ఆరేళ్ళ బ్లాగులో అతను చదివిన మొదటి పోస్టు ఇదే.

"మిమ్మల్ని ఎక్కడా అనలేదు" అంది.

"పిల్లలు కాదు అన్నావుగా! ఇంక మిగిలిందెవరు? చూడు, ఆ ఒక్క ముక్కా మార్చు. పిల్లాడు చింపాడని రాయి. ముద్దుగా ఉంటుంది, అందరూ నవ్వుకుంటారు. వాడికేం తెలుస్తుంది?"

చిన్నాడు కుర్చీ మీద మోకాళ్ళేసుకుని కూర్చుని ఉన్నాడు. తన మాట వినపడగానే గబుక్కున తల్లి వైపు చూశాడు.

"ఒకసారి వాడిచేత ఒప్పించాను" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఇంకోసారి ఒప్పించను. ఆ ముక్క అలాగే ఉంటుంది. రేపు పదిన్నరకు వెళ్తాను. మాట్లాడమంటే మాట్లాడతాను, వద్దంటే వెనక కుర్చీలో కూర్చుని వస్తాను. పిల్లల్ని మీరు చూస్తారు."

అతను కంచం ముందుకు లాక్కున్నాడు. టేబుల్ ఒరిగింది. నీళ్ళు తొణికి అతని చొక్కా మీద పడ్డాయి.

"ఛ! దీనికింద ఏదైనా పెట్టు ముందు!"

"వేస్తే తిరుగులేని చెయ్యి మీదేనండీ" అంది. "నాది కాదు."

పెద్దది నవ్వాపుకోలేక గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె గూట్లోంచి ఆ కాగితాలు తీసుకుని, టేబుల్ చివరి కుర్చీలో కూర్చుంది. మడతలు అరచేత్తో సాపు చేసింది. కాలి ముద్ర పోలేదు. దాని కింద అక్షరాలు మసగ్గా ఉన్నా కనిపిస్తున్నాయి.

అత్తగారు కాగితాల వైపే చూస్తున్నారు. కోడల్ని ఏదో అనబోతున్నట్టు గొంతు సవరించుకున్నారు. ఆమె అలవాటుగా భుజాలు బిగించుకుంది.

"ఇంతకీ," అన్నారు అత్తగారు, కొడుకు వైపు చూడకుండా, "ఆవిడ తలుపు తీసిందా?"

ఆమె తలెత్తింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన పదేళ్ళలో, ఒక పుస్తకం గురించి ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది.

"తెలీదత్తయ్యా. ఇప్పుడే మొదలుపెడుతున్నాను."

"అన్నం?" అన్నాడు భర్త.

"గిన్నెలు స్టవ్ మీదున్నాయి, వడ్డించుకోండి" అంది ఆమె, 209వ పేజీ మీంచి కళ్ళు తిప్పకుండా. "నాకింకా పదహారు పేజీలున్నాయి."